నేలలో పెరిగే ఆస్ట్రేలియా ఆర్కిడ్లు: పాఠకుల సందేహాలు

ప్రశ్న: మెల్‌బోర్న్‌లో ఉంటున్న మా అమ్మాయి తన కుండీల్లో పూసిన గ్రీన్‌హుడ్ ఆర్కిడ్ల ఫొటో పంపింది. ఆకుపచ్చని ముసుగు వేసుకున్నట్టుండే చిన్న పూలవి. అందులో ఉన్నది ఏ రకమో ఎలా గుర్తుపట్టాలి? వచ్చేటప్పుడు నాలుగు దుంపలు తెమ్మంటే మా మేడ మీద పెంచుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం

జవాబు: గ్రీన్‌హుడ్లన్నీ టెరోస్టైలిస్ ప్రజాతికి చెందినవి. రాబర్ట్ బ్రౌన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1810లో ఈ ప్రజాతిని వర్ణించాడు. మీరు ముసుగు అంటున్నది ఒకే రేకు కాదు, పైనున్న రక్షకపత్రమూ, దానికి ఇరువైపులా ఉన్న రెండు ఆకర్షణపత్రాలూ కలిసి ఏర్పడినది. రకం తెలుసుకోవడానికి ముసుగు కంటే దాని లోపల నాలుకలా కనిపించే పెదవి రేకే ముఖ్యం కనుక ఫొటోను పెద్దది చేసి ఆ రేకును చూడండి. దాని కొస ఒక పక్కకు మెలితిరిగి ఉంటే అది కుండీల్లో అందరూ పెంచే టెరోస్టైలిస్ కర్టా అయ్యే అవకాశం ఎక్కువ. పువ్వు మొత్తం నేలకేసి వంగి ఉంటే టెరోస్టైలిస్ న్యూటన్స్ కావచ్చు. ఆ పెదవి రేకుకు స్పర్శజ్ఞానం ఉంది. సన్నని దోమలాంటి పురుగు వాలగానే అది చటుక్కున పైకి లేచి పురుగును లోపల బంధిస్తుంది. బయటపడేందుకు మిగిలిన ఇరుకు దారిలో పురుగు పుప్పొడిని వీపున అంటించుకొని పోతుంది.

ఇక పెంపకం సంగతి. మెల్‌బోర్న్‌లో వేసవి పొడిగానూ, చలికాలం తడిగానూ ఉంటుంది. అందుకు తగ్గట్టే కర్టా మార్చి, ఏప్రిల్ నెలల్లో ఆకు వేసి, చలి చివర పూసి, వేసవికి ఆకు ఎండిపోయి మట్టిలో దుంపగా మాత్రమే మిగులుతుంది. అక్కడివారు సగానికి సగం ముతక ఇసుక, మిగతాది ఆకుమట్టి కలిపిన మిశ్రమంలో దుంపలను రెండు మూడు సెంటీమీటర్ల లోతున పెట్టి, పైన సరుగుడు జాతి చెట్ల సన్నని ఆకులు పరుస్తారు. ఆ సరుగుడు మన సముద్రతీరంలోనూ కావలసినంత ఉంది కాని, దుంపకు కావలసిన చలి లేదు. విశాఖలో జనవరి రాత్రులు కూడా వెచ్చగానే ఉంటాయి. పైగా దుంప పొడిగా నిద్రపోవలసిన ఉక్క రోజుల్లోనే మనకు వానలు పడతాయి కనుక అది కుళ్లిపోతుంది. మేడ మీద నీడవల కట్టినా ఈ లోటు తీరదు. అదీగాక, ఆర్కిడ్లన్నీ అడవి మొక్కలు, జంతువుల అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ ఒప్పందం (సైటీస్) కిందికి వస్తాయి. అక్కడి ఎగుమతి అనుమతి, మన దేశపు దిగుమతి అనుమతి, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా దుంపలను సూట్‌కేసులో పెట్టి తేవడం చట్టవిరుద్ధం. కాబట్టి తెమ్మనకండి.

ఆస్ట్రేలియా నేల ఆర్కిడే కావాలనుకుంటే ఆ దేశపు ఉత్తరభాగం వైపు చూడండి. అక్కడ వేడిలోనే వానలు పడతాయి, మనలాగే. జియోడోరమ్ డెన్సిఫ్లోరమ్ క్వీన్స్‌లాండ్‌లోనూ ఉంది, మన దేశపు అడవుల్లోనూ ఉంది. దాని పూలకాడ కొస కిందికి వంగి లేత గులాబీ పూలను వేలాడదీస్తుంది. కాయ పడ్డాక అదే కాడ నిటారుగా లేస్తుంది. దానిని అడవి నుంచి పెకలించి తేకుండా, పెంచి అమ్మేవారి దగ్గరే కొనండి.

ప్రశ్న: నర్సరీలో ‘ఆస్ట్రేలియా గ్రౌండ్ ఆర్కిడ్’ అని చెప్పి ఒక మొక్క ఇచ్చారు. పొడవాటి ఆకులకు మడతలున్నాయి, ఊదారంగు పూలు ఒకదాని తర్వాత ఒకటి విచ్చుకుంటున్నాయి. ఇది నిజంగా అక్కడిదేనా?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: మీ వర్ణన స్పాథోగ్లాటిస్ ప్లికేటాకు సరిపోతుంది. ఆగ్నేయాసియా నుంచి క్వీన్స్‌లాండ్ దాకా అది సహజంగా పెరుగుతుంది కనుక నర్సరీవారి మాటలో సగం నిజముంది; అయితే అమ్మకానికి వచ్చేవాటిలో చాలా వరకు సంకరజాతులే. జియోడోరమ్‌కు కూడా మడతల ఆకులే ఉంటాయి. పూలు లేనప్పుడు తేడా తెలియాలంటే వానలు ఆగిన పొడికాలం దాకా ఆగండి: జియోడోరమ్ ఆకు రాలుస్తుంది, మీ మొక్క పచ్చగానే నిలుస్తుంది. ఉదయపు ఎండ తగిలేచోట ఉంచి, ఎర్రమన్నులో ఏటి ఇసుక, ఆకుమట్టి కలిపి నాటండి. బీచ్ ఇసుక వద్దు, దానిలోని ఉప్పు వేళ్లను చంపుతుంది. తుఫాను వానల్లో కుండీ అడుగు రంధ్రాలు పూడకుండా చూసుకోండి.