కేబీఆర్ ఆరబెట్టుకో, పాపా

అనంతపురం

పాపా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, "అన్నా, నీ మేనకోడలు కూడా ఆ రంగుల్లోనే పడింది" అంది. అజో డైలని, అంటే ఆ రంగు అణువుల్ని, లిగాండ్లుగా లోహానికి కట్టి రాగి, నికెల్ కాంప్లెక్సులు చేస్తున్నావంట. గర్వంగానే ఉంది. నిద్ర మాత్రం పట్టలేదు.

రంగుకి తొలి మెట్టు డయాజోటైజేషన్, అంటే అమీన్‌ని నైట్రైట్, ఆమ్లంతో డయాజోనియం లవణంగా మార్చడం, 0–5 డిగ్రీల మధ్య చేయాలని ఏ పుస్తకమైనా చెబుతుంది. మన ఊరి మే నెల ఎండ ఆ పుస్తకానికి తెలియదు. ఐస్ అనుకున్నదానికి రెండింతలు తెచ్చుకో. నైట్రైట్ చుక్కచుక్కగా వెయ్. స్టార్చ్-అయొడైడ్ పేపర్ నీలంగా మారితే ఆపేసి, మిగిలిన నైట్రస్ ఆమ్లాన్ని కాస్త యూరియాతో పోగొట్టు. డై వచ్చాక రీక్రిస్టలైజ్ చెయ్, శుద్ధంగా వచ్చిందో లేదో టీఎల్‌సీలో చూసుకో.

డయాజోనియం లవణాన్ని వడకట్టి ఎండబెట్టావని తెలిస్తే మాత్రం వచ్చి చెవి మెలేస్తా. ఎండిందంటే గరిటెతో గీకినా పేలొచ్చు. ద్రావణంలో చల్లగా ఉండగానే వాడెయ్.

ఇక నా భాగోతం విను. బీటా-నాఫ్థాల్ అజో డైతో రాగి కాంప్లెక్స్ చేశాను. మన జిల్లాలో వాన పడితే పండగ కదా, నేను ఐఆర్ స్పెక్ట్రం తీసిన వారమే ముసురు పట్టింది. దానికి నమూనాని కేబీఆర్‌తో, అదే పొటాషియం బ్రోమైడ్ ఉప్పుతో, నూరి బిళ్ల (పెల్లెట్) చేయాలి కదా, ఆ ఉప్పు తేమ పీలుస్తుంది. కేబీఆర్ సీసా మూత ఎవరో వదులుగా పెట్టారు. ఎవరో ఏంటి, నేనే. 3400 cm⁻¹ దగ్గర ఇంత వెడల్పున బ్యాండ్, 1630 దగ్గర ఇంకొకటి, నీళ్లు ఉంటే వచ్చేవే. ఎగిరి గంతేశాను. రెండు నీటి అణువులు లోహానికి అతుక్కున్నాయి, లోహం చుట్టూ ఆరు బంధాలు, ఆక్టాహెడ్రల్ అని రాసేశాను. ఆ ఫార్ములాకి కార్బన్ 64.7 శాతం రావాలి, అనాలిసిస్ మెషిన్‌లో నాకు 68.6 వచ్చింది. నీళ్లు లేకపోతే లెక్క 68.9. చూశావా, నిజం కాగితం మీదే ఉంది! నేను మెషిన్ బాగాలేదనుకున్నా. మాగ్నెటిక్ మూమెంట్ 1.8 బోర్ మాగ్నెటాన్లు వచ్చింది కదా అని ధైర్యం. రాగి ఏ జామెట్రీలో ఉన్నా దాదాపు అంతే ఇస్తుందని అప్పుడు తట్టలేదు.

వైవాలో ఎగ్జామినర్ ఒక్కటే అడిగాడు: "ఖాళీ పెల్లెట్ తీశారా?"

నమూనా కలపని ఉత్త కేబీఆర్ బిళ్ల అన్నమాట. తీయలేదు. మర్నాడు కేబీఆర్‌ని 110 డిగ్రీల ఓవెన్‌లో ఆరబెట్టి, ఖాళీది ఒకటి, కాంప్లెక్స్‌ది ఒకటి తీశాను. రెంటిలోనూ ఆ బ్యాండ్లు లేవు. ఆ నీళ్లు కాంప్లెక్స్‌వి కావు, కేబీఆర్ పీల్చిన తేమవి. బైండ్ చేసిన థీసిస్ విప్పి రెండు చాప్టర్లు మళ్లీ టైప్ చేయించాల్సి వచ్చింది. స్కాలర్‌షిప్ అయిపోయింది. మీ తాత శెనక్కాయ మూటలు అమ్మి డబ్బు పంపాడు. ఊరికి పోతే ఒక్క మాటన్నాడు: "మన కాడ తాగనీకే నీళ్లు లేవు, నీ పొడిలోకి యాడ నుంచి వచ్చినాయిరా?" నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇప్పుడు రాస్తుంటే గొంతు పట్టేస్తోంది, ఆయన ఉంటే నిన్ను చూసి ఎంత మురిసేవాడో.

అందుకే ప్రతి స్పెక్ట్రానికి ముందు ఖాళీ పెల్లెట్ తియ్, తీసిందల్లా నాకు వాట్సాప్ చెయ్. విసుక్కోకు.

గాగుల్స్ కొన్నావా? కళ్లద్దాల మీద పెట్టుకునే రకం కావాలి నీకు. కొనకపోయుంటే చెప్పు, ఆదివారం నేనే తెస్తా. మీ అత్త చెనిక్కాయల పొడి కూడా కట్టి పెట్టింది.

మీ మామ