ఎన్నారై సందేహాలు: మన రాకతో వీళ్ళకి లాభమా, నష్టమా?

సందేహం: అమెరికా వచ్చి ఎనిమిది నెలలైంది. లంచ్ దగ్గర ఒక సీనియర్ నవ్వుతూనే "మీరు వచ్చేకొద్దీ మావాళ్ళకి ఉద్యోగాలు తగ్గిపోతున్నాయి" అన్నారు. నాకు నోరు పెగల్లేదు. నిజంగానే మన వల్ల వీళ్ళకి నష్టమా? ఏమని జవాబు చెప్పాలి?

తమ్ముడూ, నోరు పెగలకపోవడమే మంచిదైంది. వచ్చిన కొత్తలో నన్నూ ఒకాయన ఇదే మాటంటే ఆవేశపడి "మేం లేకపోతే మీ కంపెనీలు మూతపడతాయి" అనేశాను. ఆ తర్వాత చాలా రోజులు లంచ్ టేబుల్ దగ్గర నా పక్క కుర్చీ ఖాళీగానే ఉండేది. ఇద్దరం అన్నదీ తప్పే.

దేశంలో ఉద్యోగాలు బస్సులో సీట్లలాంటివని, ఒకరు కూర్చోవాలంటే ఇంకొకరు లేవాలని ఆయన అనుకున్నారు. కానీ వచ్చినవాడు అద్దె కడతాడు, కారు కొంటాడు. ఆ ఖర్చే ఇంకొకరికి జీతం. 1980లో క్యూబాలోని మారియెల్ రేవు నుంచి ఆరు నెలల్లోపే దాదాపు 1,25,000 మంది పడవల్లో ఫ్లోరిడా చేరారు. అక్కడి మయామీ నగరంలో పనిచేసేవాళ్ళ సంఖ్య ఒక్కసారిగా 7 శాతం పెరిగింది. డేవిడ్ కార్డ్ అనే ఆర్థికవేత్త 1990లో ఆ లెక్కలు బయటపెడితే, అప్పటికే అక్కడున్నవాళ్ళ జీతాలు పడిపోయిన జాడ దాదాపు లేదు. 2021 ఆర్థిక నోబెల్‌లో సగం ఆయనకే వచ్చింది. అలాగని వాదన అక్కడితో తెగలేదు. హైస్కూలు కూడా పూర్తిచేయనివాళ్ళ జీతాలు బాగా పడ్డాయని జార్జ్ బోర్హాస్ అనే ఇంకో ఆర్థికవేత్త తర్వాత వాదించారు. తమాషా ఏమిటంటే బోర్హాస్ స్వయంగా చిన్నప్పుడు క్యూబా నుంచి వచ్చినవారే.

జనాన్ని పంపించేసినప్పుడు ఏమైందో కూడా చూడండి. మెక్సికో నుంచి పొలం పనికి కూలీల్ని రప్పించే బ్రసేరో పథకాన్ని 1964 ఆఖరుకి అమెరికా ఆపేసింది. ఇక్కడి కూలీలకి రేట్లు పెరుగుతాయని ఆశపడ్డారు. కాలిఫోర్నియా టమాటా రైతులు మాత్రం కోత మెషీన్లు తెచ్చుకున్నారు. మెషీన్ దొరకని కొన్ని పంటల్ని తగ్గించేశారు. కూలీ రేట్లు పెరిగింది పెద్దగా ఏమీ లేదు.

ఇంకో చిక్కు ఉంది, మనవాళ్ళు వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేసే జీడీపీ లెక్కల్లో. పదిమంది తలా 100 సంపాదిస్తున్నారనుకోండి. మొత్తం 1000, తలసరి 100. పదకొండోవాడు వచ్చి 60 సంపాదించాడు. మొత్తం 1060 అయింది, దేశం ఎదిగిందని ఒక హెడ్‌లైన్. తలసరి 96కి దిగింది, దేశం చితికిందని ఇంకో హెడ్‌లైన్. ఆ పదిమందిలో ఎవరి జేబులోంచీ పైసా పోలేదు. వచ్చినవాడికి తన దేశంలో 20 వస్తుండేదేమో, ఇప్పుడు 60 వస్తోంది. కాబట్టి ఎవరైనా జీడీపీ అంటే, మొత్తమా తలసరా అని అడగండి. వలసల వల్ల దేశం బాగుపడిందనో చెడిందనో అక్కడే తేలిపోదు.

అయితే అంతా అంకెల గారడీయే అనడానికీ లేదు. కెనడా జనాభా 2023 ఒక్క ఏడాదిలోనే 3.2 శాతం పెరిగింది. అంత వేగంగా ఇళ్ళు లేవలేదు. ఆ ఏడాది మొత్తం జీడీపీ పెరిగింది, తలసరి తగ్గింది. అద్దెల మంట జనానికి తగిలింది. 2024 అక్టోబర్‌లో ప్రభుత్వం 2025కి పర్మినెంట్ రెసిడెన్స్ లక్ష్యాన్ని 5,00,000 నుంచి 3,95,000కి కోసేసింది. ఆ తప్పు ఇళ్ళు కట్టనివాళ్ళదా, వచ్చినవాళ్ళదా అంటే నా ఓటు మొదటిదానికే. కానీ ఓటు హక్కు ఉన్నవాళ్ళకి కనబడేది వచ్చినవాళ్ళే.

నాకు నిజంగా బాధనిపించేది 150 సంపాదించగలిగినవాడు 60 దగ్గర ఆగిపోవడం. డాక్టర్ చదివి ల్యాబ్‌లో శాంపిల్స్‌కి లేబుళ్ళు అంటించేవాళ్ళు నాకు తెలుసు. లైసెన్స్ పరీక్షలు "సెటిలయ్యాక చూద్దాం" అని వాయిదా వేశారు, అలాగే ఉండిపోయారు. అది వాళ్ళకీ నష్టం, దేశానికీ నష్టం. మీ ఇంట్లో అలాంటి డిగ్రీ ఉన్నవాళ్ళుంటే మొదటి ఏడాదే ఆ ఫైలు తెరవండి.

మీ సంగతికొస్తే, నైపుణ్యం కావాల్సిన ఉద్యోగాలకిచ్చే హెచ్-1బి వీసా కోటా ఏడాదికి 65,000, ఇక్కడ మాస్టర్స్ చేసినవాళ్ళకి మరో 20,000. మార్కెట్ ఎగిరినా పడినా చట్టంలోని ఆ అంకె దానంతటదే కదలదు. కదిలేది మీ ఉద్యోగం. లేఆఫ్ అయితే చేతిలో ఉండేది గరిష్ఠంగా 60 రోజులు, ఐ-94లో (దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) గడువు అంతకంటే ముందుంటే అప్పటిదాకానే. నాకు 2009లో ఉద్యోగం పోయినప్పుడు ఆ వెసులుబాటు కూడా లేదు, 2017లో వచ్చింది. కాబట్టి రెజ్యూమె ఎప్పుడూ తాజాగా ఉంచండి, కొన్ని నెలల ఖర్చు పక్కన పెట్టుకోండి. ఆ తర్వాతే కొత్త కారు.

లంచ్ దగ్గర జవాబంటారా? కార్డ్, బోర్హాస్ పేర్లు ఎత్తకండి. "మీవాళ్ళలో ఎవరికైనా ఉద్యోగం పోయిందా?" అని అడిగి, ఆయన్ని చెప్పనివ్వండి. నా పక్క కుర్చీ ఖాళీ చేసినాయన తమ్ముడి టీమ్ మొత్తాన్ని ఒకే రోజు తీసేసి, పని కాంట్రాక్టర్లకి ఇచ్చారట. ఆ సంగతి నాకు తెలిసేసరికి నాలుగేళ్ళు పట్టింది.