లాగ్‌బుక్‌లో ఎవరి పేరు రాస్తారు?

"ఎవరిని చంపాలో యుద్ధ రోబోలకే వదిలేస్తే మనుషులకంటే తక్కువ తప్పులు చేస్తాయి కదా, అందులో అన్యాయం ఏముంది?" అని అడిగారు. నేను ఆర్మీ ఎయిర్ డిఫెన్స్‌లో, శత్రు విమానాలను కూల్చే ఎల్-70 గన్ మీద పనిచేసినవాడిని. అన్యాయమే అంటాను. నిఘాకి, మందుపాతరలు తీయడానికి ఎన్ని రోబోలైనా పెట్టుకోండి. ఫైర్ అన్న మాట మాత్రం మనిషి నోటి నుంచే రావాలి.

2002లో ఆపరేషన్ పరాక్రమ్ అప్పుడు, అంటే పాకిస్తాన్ సరిహద్దులో సైన్యాన్ని మోహరించినప్పుడు, రాజస్థాన్‌లో ఉన్నాం. ఒక సాయంత్రం ఇసుక గాలికి పది అడుగుల అవతల మనిషి ఆనడం లేదు. పడమటి నుంచి ఏదో తక్కువ ఎత్తులో వస్తోందని కబురొచ్చింది. మనవాళ్లది వస్తుందని మాకెవరూ చెప్పలేదు. గన్ అటు తిరిగింది. నాలుగు రౌండ్ల క్లిప్ రెండు చేతులా ఎత్తి పట్టుకుని నిలబడ్డాను. లెక్క ప్రకారం అది శత్రువే. మా సుబేదార్ సాబ్ చెయ్యెత్తి "రుకో" అన్నారు. తల పక్కకి వంచి విన్నారు. "చేతక్ హై, అప్నా హై" అన్నారు, అంటే మన చేతక్ హెలికాప్టరే అని. ఆ గాలి హోరులో నాకైతే ఏమీ వినపడలేదు. కాసేపటికి అది మా నెత్తి మీదుగానే పోయింది. మందుపాతర పేలి కాలు పోయిన జవానును ఆస్పత్రికి తీసుకెళ్తోందని తర్వాత తెలిసింది. క్లిప్ కింద పెట్టాక కూడా నా చేతుల వణుకు తగ్గలేదు.

యంత్రం అలా చెవి ఒగ్గదు. లెక్క సరిపోతే పేల్చేస్తుంది.

మనుషులూ తప్పు చేస్తారు, కాదనను. 2019 ఫిబ్రవరి 27న బడ్గాంలో మన క్షిపణే మన ఎంఐ-17 హెలికాప్టర్‌ను కూల్చింది. ఆరుగురు వాయుసేన వాళ్లు, కింద ఒక పౌరుడు పోయారు. కానీ విచారణ జరిగింది, కోర్టు మార్షల్ దాకా వెళ్లింది. కాబూల్‌లో 2021 ఆగస్టు 29న అమెరికా డ్రోన్ దాడిలో పదిమంది అమాయకులు పోయారు, అందులో ఏడుగురు పిల్లలు. ఒక్కరికీ శిక్ష పడలేదు. మనుషులు స్క్రీన్ ముందు కూర్చుని నడిపిన దాడికే ఇలా ఉంటే, రేపు రోబో చేసినదానికి ఎవరిని నిలబెడతారు?

మనిషి ఆర్డర్ లేకుండా తమంతట తామే పేల్చే ఆయుధాల మీద 2023 నవంబరులో ఐక్యరాజ్యసమితి కమిటీలో పెట్టిన తీర్మానానికి 164 దేశాలు సరేనంటే మన దేశం వద్దని ఓటేసింది. పైవాళ్ల కారణాలు వాళ్లకుంటాయి, నాకు మాత్రం మింగుడు పడలేదు.

మొన్న పెన్షన్ కోసం లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వబోతే వేలిముద్రల మిషన్ మూడుసార్లు నన్ను కాదంది, ఎదురుగా నిలబడి ఉన్నా. చివరికి కౌంటర్‌లో అమ్మాయే నా ముఖం, పాత ఫోటో పోల్చి చూసి కాగితం మీద రాసుకుంది.

మేం పేల్చిన ప్రతి రౌండూ ఎవరి ఆర్డర్ మీద పేలిందో పేరుతో సహా లాగ్‌బుక్‌లో ఉండేది. ఆ సాయంత్రం సుబేదార్ సాబ్ పేరు పక్కన "ఫైర్ చేసిన రౌండ్లు: నిల్" అని రాసింది నేనే.