కల మీది, దాని అర్థం తేల్చాల్సింది కూడా మీరే

విజయవాడ సింగ్ నగర్ నుంచి రాసిన చెల్లెమ్మకి,

నాన్నగారు పోయి ఏడాది కూడా కాలేదు, ఆదివారం సత్సంగంలో ధ్యానం అయ్యాక అందరూ కలలు చెప్పుకుంటారు, అక్కడికి వెళ్తున్నప్పటి నుంచి మనసు తేలికపడింది అని రాశారు. చిక్కు ఆ తర్వాత వచ్చింది. నాన్నగారు మీ ఇంటి మెట్ల మీద మోకాల్లోతు నీళ్లలో సంచి పట్టుకుని పిలుస్తున్నారు, మీకేమో తలుపు గడియ రావట్లేదు, ఈ కల చెప్పగానే అక్కడి పెద్దాయన "మీ నాన్నకి శాంతి లేదమ్మా, మీ అత్తగారింట్లో దోషం ఉంది" అనేశారు, ఆ మాట ఎవరి ద్వారానో మీ అత్తగారి చెవిన పడింది, మీ ఆయన ఇంక వెళ్లొద్దన్నారు. మానెయ్యాలా అని అడిగారు.

కలలు చెప్పుకోవడం మానక్కర్లేదమ్మా. కానీ ఆ పెద్దాయన చేసినట్టు జరిగేచోట మాత్రం మీ కల చెప్పొద్దు.

అమెరికాలో మాంటేగ్ ఉల్మన్ అనే సైకియాట్రిస్ట్ 1970ల నుంచి మామూలు జనాన్ని చిన్న గ్రూపుగా కూర్చోబెట్టి ఇలాగే కలలు చెప్పించారు, ఆయన పద్ధతిలో నాకు బాగా నచ్చింది ఏంటంటే, కల చెప్పినవాళ్లకి ఎవరూ అర్థం చెప్పరు. వినేవాళ్లు "ఈ కల నాకే వచ్చుంటే నాకు ఇలా అనిపించేది" అని తమ గురించే మాట్లాడతారు, కల వచ్చినావిడ ఊరికే వింటుంది, తనకి తగిలింది తీసుకుంటుంది మిగతాది వదిలేస్తుంది, ఇంక చాలు అంటే అక్కడితో ఆపేస్తారు. ఆ కల వచ్చే ముందు రోజుల్లో ఏం జరిగిందో కూడా అడుగుతారు. మిమ్మల్ని ఒక్కరైనా అడిగారా?

నేనైతే అడుగుతాను. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి మీ సింగ్ నగర్ మునిగింది కదా, అప్పుడు మీరు ఎక్కడున్నారు, నాన్నగారు ఎక్కడున్నారు, ఫోన్ కలిసిందా? ఇదే కల నాకొస్తే నీళ్లు చూడగానే ఆ రోజులే గుర్తొచ్చేవి, గడియ రాకపోవడం దగ్గర, ఆయన ఆఖరి రోజుల్లో ఇంకొంచెం చేసి ఉండాల్సింది కదా అనే బాధ కదిలేది. అది నా మనసు చెప్పే మాట, మీది వేరే అయుండొచ్చు, మీకు అలా అనిపించకపోతే పక్కన పెట్టేయండి. పోయినవాళ్లు కల్లోకి రావడం దుఃఖంలో ఉన్నవాళ్లకి చాలా మామూలు, దాన్నిబట్టి వాళ్లకి శాంతి లేదని చెప్పే హక్కు ఎవరికీ లేదు.

మరి కలలకి అర్థాలు శాస్త్రంలోనే ఉన్నాయి కదా అంటారు. మాండూక్యోపనిషత్తు జాగ్రత్, స్వప్న, సుషుప్తి (మెలకువ, కల, గాఢనిద్ర) అని స్వప్నాన్ని ఆత్మ అనుభవించే ఒక స్థితిగా చెప్పింది, అక్కడ పక్కింటివాళ్ల దోషాల లెక్క లేదు. సుందరకాండలో త్రిజట కూడా రాక్షస స్త్రీల మధ్య తనకొచ్చిన కలే చెప్పింది, అంతేగానీ సీతమ్మకొచ్చిన కలకి తను అర్థం చెప్పలేదు. ఈ రెండు మాటలూ సత్సంగంలో నెమ్మదిగా అనండి, పెద్దాయన మంచివారైతే ఆలోచిస్తారు. రూల్స్ ముందే పెట్టుకుందాం అనండి, ఇక్కడ విన్నది గుమ్మం దాటకూడదు, కలలో అత్త, భర్త, ఆడపడుచు ఎవరొచ్చినా బయట నిజంగా ఉన్న ఆ మనుషుల మీద తీర్పు చెప్పకూడదు అని. కుదరదంటే ధ్యానం వరకు ఉండి లేచొచ్చేయండి, ఆ బ్యాచ్‌లోనే నమ్మకమైన నలుగురైదుగురు ఆడవాళ్లుంటే వేరే రోజు మీరే కూర్చోండి. శాంతి పూజ మీకు నాన్నగారి మీద ప్రేమతో చేయాలనిపిస్తే చేసుకోండి, భయంతో మాత్రం వద్దు.

మీ ఆయన కోపం నాకు అర్థమవుతోంది, సొంత తల్లి మీద నింద వాళ్లూ వీళ్లూ చెప్పగా వింటే ఎవరికైనా మండుతుంది. ఆయన ఇప్పటిదాకా విన్నది దోషం గురించే, కల మీ నోటితో వినలేదు. రాత్రి పిల్లలు పడుకున్నాక మొత్తం చెప్పండి, నీళ్లు, సంచి, గడియ, అన్నీ. మీ అత్తగారి దగ్గరకి కూడా మీరే వెళ్లి "ఆ మాట నేననలేదత్తయ్యా, విని ఊరుకున్నందుకు బాధగా ఉంది" అనండి, మీ ఆయన్ని మధ్యవర్తిగా పెట్టొద్దు.

ఇంకోటి, ఈ కల రోజూ వచ్చి నిద్ర పట్టకపోయినా, తిండి సయించకపోయినా గ్రూపుతో సరిపెట్టుకోకండి. మానసిక ఆరోగ్యానికి ఉన్న హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఫోన్ చేయండి, ప్రభుత్వానిదే, ఫ్రీ, ఏ టైమైనా తీస్తారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.