ఫంక్షనల్ గ్రూపుల పట్టిక బట్టీ పడితే జీవరసాయనం వస్తుందా?

రాదు. పట్టికలో అణువు గుణాన్ని నిర్ణయించే పరమాణు గుంపుల పేర్లుంటాయి, ప్రవర్తన ఉండదు. దాని బదులు ఒక్క ఆస్పిరిన్‌ని పట్టుకుని చివరిదాకా వెళ్లండి.

ముందు తయారీ. 2 గ్రాముల శాలిసిలిక్ ఆమ్లంలో 5 మిల్లీలీటర్ల ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్, ఐదు చుక్కల గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం వేసి, 50-60 డిగ్రీల నీళ్లలో పావుగంట ఉంచుతారు. శాలిసిలిక్ ఆమ్లం వలయం మీద కార్బాక్సిల్ (ఆమ్లపు గుంపు), ఫినాల్ హైడ్రాక్సిల్ (వలయానికి అతుక్కున్న OH) పక్కపక్కనే ఉంటాయి. ఎన్‌హైడ్రైడ్ నుంచి ఎసిటైల్ గుంపు వచ్చి కూర్చునేది హైడ్రాక్సిల్ మీదే. అలా ఏర్పడే బంధమే ఎస్టర్, ఆ అణువే ఆస్పిరిన్. పని పూర్తయిందో లేదో ఒక్క చుక్క ఫెర్రిక్ క్లోరైడ్ చెప్పేస్తుంది: ఊదారంగు వచ్చిందంటే ఫినాల్ ఇంకా మిగిలే ఉంది. ఫ్లాస్కు తడిగా ఉంటే ఎన్‌హైడ్రైడ్ కాస్తా ఆ నీళ్లకే ఖర్చయిపోతుంది. పాత మాత్రల సీసా మూత తీయగానే వెనిగర్ వాసన కొడుతుందే, అది తేమ తగిలి ఎస్టర్ విడిపోతున్న వాసన.

ఇక ఒంట్లో. కార్బాక్సిల్ పీకేఏ, అంటే సగం అణువులు ప్రోటాన్‌ని వదిలేసి ఉండే పీహెచ్, సుమారు 3.5. పీహెచ్ 1-2 ఉండే కడుపులో అది ప్రోటాన్‌ని వదలదు, ఆవేశం లేదు గనక కొవ్వు పొరల్లోంచి దూరగలదు. అయినా మందులో ఎక్కువ భాగాన్ని పీల్చుకునేది చిన్నపేగే, అక్కడి ఉపరితలం అంత పెద్దది మరి. 7.4 ఉండే రక్తంలో దాదాపు అంతా రుణావేశంతోనే తిరుగుతుంది.

ఎస్టర్ పని వేరు. ప్లేట్‌లెట్లు గుమిగూడేలా చేసే సంకేతాల తయారీకి కావాల్సిన కాక్స్-1 ఎంజైములో 530వ స్థానంలోని సెరీన్ అనే అమైనో ఆమ్లపు హైడ్రాక్సిల్‌కి తన ఎసిటైల్‌ని అంటగడుతుంది. ఫ్లాస్కులో ఎన్‌హైడ్రైడ్ చేసిందీ ఇదే. దాంతో ఆ ఎంజైముకు ముడిసరుకైన అరాకిడోనిక్ ఆమ్లం లోపలికెళ్లే దారి మూసుకుపోతుంది. రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లకు కేంద్రకం లేదు, కొత్త ఎంజైము తయారుచేసుకోలేవు. అందుకే రక్తంలో ఆస్పిరిన్ 15-20 నిమిషాలకే సగమైపోయినా, దాని దెబ్బ తిన్న ప్లేట్‌లెట్ బతికినన్నాళ్లూ, అంటే 7-10 రోజులు, కోలుకోదు.

పుస్తకాలతో నాకో పేచీ ఉంది. అమైనో ఆమ్లాన్ని ఇప్పటికీ ఒక కొసన ఉత్త అమైన్, ఇంకో కొసన ఉత్త ఆమ్లంగా గీస్తారు. పీహెచ్ 7 దగ్గర అలాంటి గ్లైసీన్ భూతద్దం పెట్టి వెతికినా దొరకదు. ఆమ్లం కొస ప్రోటాన్ వదిలేసి ఉంటుంది, అమైన్ కొస ఒకటి అదనంగా పట్టుకుని ఉంటుంది. అణుభారం 75 ఉన్న గ్లైసీన్ సుమారు 233 డిగ్రీల దాకా ఘనంగానే ఉండి అక్కడ విఘటనం చెందుతుంది. 74 ఉన్న బ్యుటనాల్ మాత్రం గది ఉష్ణోగ్రతలోనే ద్రవం. తేడా అంతా ఆ ఆవేశాలదే.

హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లంలోని ఇమిడజోల్ వలయం పీకేఏ 6 చుట్టుపక్కల ఉంటుంది. ప్రోటాన్‌ని ఇవ్వడమూ తీసుకోవడమూ రెండూ జరగాల్సిన చోట ఎంజైములు తరచుగా దాన్నే వాడుకుంటాయి. మీరు బట్టీ పడుతున్న పట్టికలో దాని పేరుందేమో చూడండి.