పండ్ల బార్లు బాగున్నాయన్నారు, యూనిట్ పెట్టమంటారా?

ప్రశ్న: ఫుడ్ టెక్నాలజీ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఎండబెట్టిన పండ్లు, వేయించిన గింజలు కలిపి ఇంట్లో చిరుతిండి బార్లు చేస్తున్నాను. తిన్నవాళ్లంతా అమ్మితే బాగా పోతాయంటున్నారు. చదువు అవగానే అప్పు తీసుకుని చిన్న యూనిట్ పెట్టాలని ఉంది. ఇంట్లోవాళ్లు ముందు ఉద్యోగం చూసుకోమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: యూనిట్ ఇప్పుడే వద్దు. అమ్మడానికి కావలసిన పని మాత్రం ఈ నెలలోనే మొదలుపెట్టండి. ఉద్యోగంలోనూ చేరండి. మూడూ కలిసి ఎలా కుదురుతాయో చెబుతాను.

మీరు ఇంట్లో చేసిన బార్‌ను అదే రోజో మర్నాడో తింటున్నారు. దుకాణంలో కొన్నవాళ్లు మూడు నెలల తర్వాత తింటారు. ఆ మూడు నెలల్లో ప్యాకెట్ లోపల ఏం జరుగుతుందన్నదే ఈ వ్యాపారంలో అసలు సంగతి. మీరు చదివిన వాటర్ యాక్టివిటీ, అంటే ఆహారంలో సూక్ష్మజీవులకు అందే నీరు ఎంతో చెప్పే కొలత, ఆ పాఠం ఇక్కడే పనికొస్తుంది. స్వచ్ఛమైన నీటికి అది 1. 0.85 కిందికి దిగితే రోగకారక బ్యాక్టీరియా దాదాపుగా పెరగలేవు. కానీ ఎండు పండ్లు చాలావరకు 0.6కూ 0.8కీ మధ్య ఉంటాయి, ఆ మధ్యలో బూజుకు, ఈస్టుకు చోటుంది. పైగా మీ బార్‌లో రెండు రకాల సరుకు ఉంది. పండులోని తేమ మెల్లగా గింజల్లోకి పాకుతుంది. మొదటి రోజు కరకరలాడిన గింజ కొన్ని వారాలకు మెత్తబడుతుంది, పండు గట్టిపడుతుంది. గింజల్లో నూనె ఉంటుంది కాబట్టి గాలి తగిలితే ముక్కవాసన కూడా వస్తుంది. అందుకే మీ బార్ షెల్ఫ్ లైఫ్, అంటే పాడవకుండా నిలవుండే కాలం, ఎంతో తేలకుండా మెషీన్ కొనకండి. ఏ ప్యాకింగ్ ఫిల్మ్ వాడాలో, ఎంత పెద్ద బ్యాచ్ చేయాలో, సరుకు ఎంత దూరం పంపగలరో అన్నీ దానిమీదే ఆధారపడతాయి.

భద్రత విషయంలో ఒక్క మాట గట్టిగా చెప్పాలి. సూక్ష్మజీవి పెరగకపోవడం వేరు, చావడం వేరు. సాల్మొనెల్లా అనే రోగకారక బ్యాక్టీరియా పొడి గింజల్లో పెరగకపోయినా నెలల తరబడి బతికి ఉండగలదు. వేయించినప్పుడు చంపిన దాన్ని, పచ్చి గింజలు పోసిన పళ్లెంలోనే మళ్లీ పోసి మీరే తిరిగి తెచ్చుకోవచ్చు. 1960లలో అమెరికా అంతరిక్ష యాత్రికులకు ఆహారం తయారుచేసేటప్పుడు ఈ భద్రత సమస్యే ఎదురైంది. తయారైన ప్యాకెట్లను పరీక్షించి భరోసా ఇవ్వాలంటే సరుకులో చాలా భాగం పరీక్షకే పోయేది. అందుకే తప్పు జరిగే చోటును ముందే గుర్తించి అక్కడే అదుపు చేసే పద్ధతి తెచ్చారు. మీరు చదువుకున్న హెచ్‌ఏసీసీపీ అదే. మీ చిన్న వంటగదికి కూడా దాన్ని ఒక కాగితం మీద రాసుకోండి. గింజలు చాలామందికి అలర్జీ తెప్పిస్తాయి, కొందరికి ప్రాణం మీదికి తెస్తాయి. లేబుల్ మీద అది స్పష్టంగా ఉండాలి, ప్రతి ప్యాకెట్‌పైనా బ్యాచ్ నంబరు ఉండాలి. అమ్మకానికి కావలసిన లైసెన్స్, లేబుల్ నిబంధనలు మొదటి ప్యాకెట్ అమ్మకముందే తెలుసుకోండి.

ఇక లెక్కలు. చాలామంది పండు కొన్న ధరనే ముడిసరుకు ఖర్చుగా వేసుకుంటారు. 85 శాతం నీరున్న పండు ముక్కలు 10 కిలోలు తీసుకుని, తేమ 15 శాతానికి వచ్చేదాకా ఆరబెడితే చేతికొచ్చేది సుమారు 1.75 కిలోలే. తొక్క, గింజ తీసేసిన బరువు దీనికి ముందే పోయింది.

ఉదాహరణకు బార్ ధర 100 అనుకోండి. దుకాణానికి 25, డిస్ట్రిబ్యూటర్‌కు 10 పోతే మీకు 65 వస్తుంది. ముడిసరుకు, ప్యాకింగ్, కూలి, కరెంటు, రవాణా కలిపి 55 అయితే 10 మిగులుతుంది. ఇప్పుడు 100 ప్యాకెట్లలో 6 గడువు దాటి తిరిగొచ్చాయనుకోండి. వాటి డబ్బు రాదు, వాటి మీద పెట్టిన ఖర్చూ పోయినట్టే. మిగిలేది ప్యాకెట్‌కు 6 మాత్రమే. అద్దె, వడ్డీ, మీ జీతం అన్నీ ఆ 6లోంచే రావాలి. ఈ లెక్కలో మీ జీతం తప్పకుండా వేయండి. అది వేయనందువల్లే నష్టంలో ఉన్న వ్యాపారం చాలాకాలం లాభంలో ఉన్నట్టు కనిపిస్తుంది.

సరుకు అమ్ముడుపోతున్నా చేతిలో డబ్బు ఆడకపోతే వ్యాపారం ఆగిపోతుంది. సాస్‌లతో ప్రపంచమంతా తెలిసిన హైన్జ్ సంగతి చూడండి. హెన్రీ హైన్జ్ 1869లో హార్స్‌రాడిష్ అనే ఘాటైన దుంప తురుమును, కల్తీ లేదని కొనేవాళ్లకు కనబడేలా, రంగులేని గాజు సీసాల్లో అమ్మాడు. వ్యాపారం పెరిగింది. 1875లో, కొంటామని రైతులతో ఒప్పుకున్న పంట విపరీతంగా పండింది. చెల్లించడానికి డబ్బు చాలక దివాలా తీశాడు. మరుసటి ఏడాదే మళ్లీ మొదలుపెట్టి నిలబడ్డాడు. అయితే తొలి అప్పుతోనే అలాంటి దెబ్బ తింటే తట్టుకునే స్థితి అందరికీ ఉండదు. అందుకే మీకు ఇప్పుడే అప్పు వద్దంటున్నాను.

ఉద్యోగం విషయంలో పెద్ద కంపెనీ పేరు చూసి వెళ్లకండి. చిన్న, మధ్యతరహా ఫ్యాక్టరీలో ప్రొడక్షన్‌లోనో క్వాలిటీలోనో చేరండి. అక్కడ ముడిసరుకు దిగడం నుంచి రిటర్నులు వెనక్కి రావడం దాకా అన్నీ మీ కళ్లముందే జరుగుతాయి. పది కిలోలు చేసినట్టు వెయ్యి కిలోలు ఎందుకు చేయలేమో రెండు నెలల్లో అర్థమవుతుంది. పెద్ద పాత్ర నెమ్మదిగా వేడెక్కి నెమ్మదిగా చల్లారుతుంది, దాంతో రంగూ రుచీ రెండూ మారతాయి. చేరేముందు ఒప్పందం పూర్తిగా చదవండి. సొంత వ్యాపారం చేయకూడదన్న షరతు ఉందేమో చూసుకోండి. ఉంటే ముందే రాతపూర్వకంగా అనుమతి అడగండి. అక్కడి ఫార్ములాలు, సప్లయర్ల వివరాలు మాత్రం మీవి కావు. వాటిని ముట్టుకోకండి.

ఏడాది తర్వాత అడుగు వేయాలనిపిస్తే, అప్పుడు కూడా సొంత యూనిట్‌కు ముందు మీ ఫార్ములాతో చేసిపెట్టే తయారీదారును వెతకండి. లాభం తగ్గుతుంది నిజమే. కానీ మెషీన్ ఖాళీగా ఉన్నా వాయిదా కట్టాల్సిన టెన్షన్ ఉండదు.

ఇక ఈ నెల మొదలుపెట్టాల్సింది ఇదీ. ఒకే బ్యాచ్‌లో 60 బార్లు చేయండి. 30 ప్యాకెట్లు దాచిపెట్టి, వారానికి రెండు చొప్పున విప్పి రంగు, వాసన, కరకర, బూజు చూసి తేదీతో రాయండి. నడుమ రెండు మూడు సార్లు, మిగిలిన 30లోంచి కొన్ని తీసి, ల్యాబ్‌లో వాటర్ యాక్టివిటీ, సూక్ష్మజీవుల పరీక్షలు చేయించండి. లైసెన్స్ వచ్చాక, మిమ్మల్ని ఎరగనివాళ్లకు పూర్తి ధరకు అమ్మడానికి ఇంకో తాజా బ్యాచ్ చేయండి. స్నేహితులు మెచ్చుకున్నదాన్ని లెక్కలో వేయకండి. కొన్నవాళ్లలో ఎంతమంది మీరు అడగకుండానే మళ్లీ వచ్చి కొన్నారో రాసుకోండి. ఆ రెండు నోటుబుక్కులూ ఇంట్లో చూపించి, అప్పుడు మాట్లాడండి.