మోతాదు సరిపోయిందో లేదో ఎలా తెలుసుకోవాలి

చిరంజీవి మేనల్లుడికి, విశాఖపట్నం నుంచి నీ మేనత్త ఆశీస్సులు.

ఆడిసన్ వ్యాధికి, అంటే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోన్‌ను సరిపడా తయారుచేయలేని జబ్బుకి, మాత్రలు వేసుకుంటున్నా నీరసం తగ్గలేదనీ, కార్టిసాల్ పరీక్ష మళ్లీ చేయించుకోవాలా అనీ అడిగావు. ఇదే జబ్బుతో ఏళ్లుగా నెట్టుకొస్తున్నదాన్ని కనుక చెబుతున్నాను, ఆ ఒక్క అంకెతో మోతాదు సంగతి తేలదు. మనం మింగే హైడ్రోకార్టిసోన్ కార్టిసాలే. రక్తంలో అది సుమారు గంటన్నరకే సగానికి పడిపోతుంది కాబట్టి, మాత్ర వేసుకున్న కాసేపటికి తీసిన రక్తంలో ఎక్కువగానూ, తరువాతి మాత్రకు ముందు తీసినదాంట్లో తక్కువగానూ కనిపిస్తుంది. డాక్టర్లు అందుకే బరువు, రక్తపోటు, ఆకలి, నిద్ర, ఓపిక చూసి మోతాదు నిర్ణయిస్తారు.

ఒక పుస్తకంలో మాత్ర వేళలూ నీరసం వచ్చిన వేళలూ రాసుకో. రెండో మాత్రకు ముందే ఒళ్లు వాలిపోతుంటే వేళల్లో లోపం ఉండవచ్చు. రోజంతా ఒకేలా ఉంటే థైరాయిడ్, బి12, హిమోగ్లోబిన్ కూడా చూడాలి. స్టీల్ ప్లాంట్‌లో నైట్ షిఫ్టు పడిన వారం, గడియారాన్ని కాక నీ నిద్రను బట్టి, లేవగానే పెద్ద మోతాదు, పడుకోవడానికి చాలా ముందే చివరిది వచ్చేలా వేళలు మార్చమని డాక్టరును అడుగు. తెల్లవారకముందే పెరిగి అర్ధరాత్రికి తగ్గే కార్టిసాల్ సహజమైన లయను మాత్రలు పూర్తిగా అందుకోలేవు గనుక, చికిత్స సక్రమంగా సాగుతున్నా కొందరికి కొంత నీరసం మిగులుతుంది.

అలాగని సొంతంగా మోతాదు పెంచకు. మొదట్లో హుషారుగానే ఉంటుంది, కొంతకాలానికి ముఖం ఉబ్బి, నిద్ర చెడి, ఎముకలు బలహీనపడతాయి. జ్వరానికి మాత్రం డాక్టరు ముందే చెప్పిన ప్రకారం పెంచి తీరాలి. వాంతులై మాత్ర నిలవకపోతే మరునాటి దాకా ఆగకుండా హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ చేయించుకుని, కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) అయినా సరే, దగ్గరలోని ఆసుపత్రి క్యాజువాలిటీకి వెళ్లి జబ్బు పేరు మొదటి మాటగా చెప్పు.

విశాఖ ఎండలో చెమటతో ఉప్పు పోతుంది. నిలబడగానే కళ్లు తిరిగినా, ఉప్పు మీదకు మనసు పోయినా ఒంట్లో ఉప్పు నిలిపే ఫ్లూడ్రోకార్టిసోన్ మాత్ర మోతాదు సంగతి డాక్టరును అడుగు. ఉప్పు మానేయమని ఇరుగుపొరుగు ఇచ్చే సలహా మనకు కాదు.

ఇంతకీ డాక్టరే కార్టిసాల్ పరీక్ష రాస్తే, చివరి మాత్ర ఎన్ని గంటలకు వేసుకున్నావో రక్తం తీసేవారితో చీటీ మీద రాయించు.